వడ్లు ఎత్తేదాకా ఆగలేకపోయాను

ఊరి పేరు రాయను. నెక్కొండ స్టేషన్లో దిగి ఆటోలో ఇరవై నిమిషాలు వెళితే వస్తుంది, అంతవరకే చెబుతాను. ఒకసారి పేరు పెట్టినందుకే ఇంత జరిగింది. మీరు వెళ్లినా అక్కడ చూడటానికి ఏమీ ఉండదు. ఒక బడి, బడి వెనక ఒక గ్రౌండు, దాని గేటుకి తాళం. ఆ తాళం పడటానికి కారణం నేను. అందుకే ఈ నాలుగు రోజుల ప్రయాణం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొన్న వానాకాలంలో మన దేశం అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు బయటి దేశం వెళ్లి, మనకన్నా ఎంతో పైనున్న జట్టుని వాళ్ల సొంత మైదానంలోనే ఓడించి, ఆసియా స్థాయి పెద్ద కప్పుకి అర్హత సంపాదించింది. ఆడి గెలిచి అక్కడికి వెళ్లడం మనకి ఇదే మొదటిసారి. ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో కేకలు పెట్టింది నేను ఒక్కదాన్నే. కింది ఫ్లోర్ అంకుల్ పైకొచ్చి క్రికెట్ ఉందా ఇవాళ అని అడిగాడు. ఆయనతో ఇరవై నిమిషాలు గొడవ పడ్డాను. నా సంగతి అంతే. కోపం ముందు వస్తుంది, మిగతావన్నీ తర్వాత నెమ్మదిగా వస్తాయి.

అమ్మాయిల ఫుట్‌బాల్ గురించి నాకొక పేజీ ఉంది. గెలుపు మీద నేను పెట్టిన పోస్టు కింద ఒకాయన రాశాడు: "మా పిల్లలు కూడా ఆడుతరు బేటా. ఒకసారి వచ్చి చూడు." పేరు యాకూబ్. ఊరు కాజీపేట. కార్తీకంలో నాలుగు రోజులు సెలవు దొరికితే బ్యాగు సర్దుకున్నాను.

కాజీపేట

సికింద్రాబాద్‌లో బండెక్కాక నేను మొదట చేసిన పని ఫోన్ ఛార్జింగ్ కోసం ప్లగ్గు వెతకడం. దొరికిన ప్లగ్గు పని చేయలేదు. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ తన మనవడి పెళ్లి ఫొటోలు నా ఫోన్లోకి పంపించమని, అక్కడినుంచి తన చెల్లెలికి పంపమని అడిగింది. ఎందుకు, మీ ఫోన్లోంచే పంపొచ్చు కదా అన్నాను. "నాకు రాదు బిడ్డా, నీకు వచ్చు గద" అంది. ఉన్న ముప్పై శాతం ఛార్జింగ్ ఆ పెళ్లికే పోయింది.

యాకూబ్ సార్ ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉన్నాడు. భుజాన ఒక గోనెసంచి, అందులో ఆరు బంతులు. రైల్వే షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు షెడ్డు టీములో లెఫ్ట్ బ్యాక్. ఇప్పుడు వారానికి ఐదు రోజులు మధ్యాహ్నం ప్యాసింజర్ ఎక్కి నెక్కొండ వెళ్లి, అక్కడినుంచి ఆ ఊరి బడికి పోయి, ఇరవై ముగ్గురు ఆడపిల్లలకి ఆట నేర్పి, చీకటి పడే బండికి తిరిగి వస్తాడు. జీతం లేదు. ఎందుకు చేస్తున్నారని అడిగితే నవ్వాడు.

"ఇంట్ల కూసుంటె మా ఆవిడ పని చెప్తది. గీ పని మంచిగుంటది."

స్టేషన్ బయట హోటల్లో ఇరానీ చాయ్ తాగాం. పన్నెండు రూపాయలు. మా వైపు దాదాపు దానికి రెట్టింపు, పైగా కప్పు సగమే ఉంటుంది. చాయ్ ముందు పెట్టుకుని ఆయన ఆ గెలుపు రోజు సంగతి చెప్పాడు. పిల్లలంతా బడి వరండాలో చేరారట. ఫోన్‌ని మంచినీళ్ల స్టీలు జగ్గుకి ఆనించి పెట్టాడట. సరిగ్గా ఆఖర్లో బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి మనవాళ్లు ఒకరినొకరు వాటేసుకుని ఏడుస్తున్నారు.

"గెలిచి ఏడుస్తాన్రా, ఓడి ఏడుస్తాన్రా ఎవలికీ ఎర్క లేదు. మా రజిత ఒక్కతే చెప్పింది. ఓడినోళ్లు గట్ల వాటేసుకోరు సార్ అన్నది."

రజిత పదో తరగతి. ఎడమకాలి ఆట. ఇంకో పన్నెండు రోజుల్లో హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టుకి సెలక్షన్లు. ఐదుగురిని తీసుకుపోతానన్నాడు. వాళ్లలో రజిత పేరు ఖాయంగా వస్తుందని ఆయన నమ్మకం. అది జరిగితే ఆ ఊరినుంచి రాష్ట్రానికి ఆడిన మొదటి పిల్ల అవుతుంది.

"రేపు నాలుగు దాటినంక రా బేటా. నాతోని బండిల రా. మా గ్రౌండ్ తమాషా చూద్దువు."

"ఏం తమాషా సార్?"

"ముందుగాల చెప్తే మజా పోతది."

చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు ఆయనా అంటాడు. కానీ తప్పు ఆయనది కాదు.

నెక్కొండ దాటి

మర్నాడు పొద్దున లాడ్జిలో కూర్చోవడానికి నాకు ఓపిక లేకపోయింది. నాలుగింటికి వెలుతురు పడిపోతుంది, ఖాళీ గ్రౌండ్ షాట్లు ముందే తీసుకుందాం అనుకుని, సార్‌కి చెప్పకుండా పదకొండు బండికి వెళ్లిపోయాను. ప్యాసింజర్‌లో కిటికీ బయట అన్నీ కోతలే. చేలల్లో మిషన్లు, రోడ్డు పక్కన వడ్లు, వాటి మీద నీలం, పసుపు పరదాలు. నేను వాటిని వీడియో తీశాను. అందంగా ఉన్నాయని తీశాను, అంతే. వడ్లు ఎందుకు రోడ్డు మీద ఉన్నాయని ఆలోచించలేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, బియ్యం సంచి మాత్రమే తెలుసు.

రెండు గంటలకి ఆ బడి వెనక్కి చేరాను. గ్రౌండు లేదు. అంటే ఉంది, కానీ ఈ చివర నుంచి ఆ చివరి వరకు వడ్లు. ఒక్క అడుగు మట్టి కనబడటం లేదు. అటు వైపు గోల్‌పోస్టు, దాని పైకర్రకి ఎర్రచీర నీడగా కట్టి ఉంది. ఆ నీడలో, గోలు లోపల, ఒక ముసలాయన కూర్చుని అన్నం తింటున్నాడు.

నాకు తల తిరిగిపోయింది. మా దగ్గర నకిలీ గడ్డి టర్ఫుకి గంటకి వెయ్యి పైన కట్టి ఆడతాం, అదీ అబ్బాయిల బుకింగులు పోగా మిగిలిన టైములో. ఇక్కడ గ్రౌండు ఉండి కూడా ఇలా. ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి వడ్ల మీదినుంచే నడుచుకుంటూ వెళ్లాను.

"తాతా, ఇది ఎవరి గ్రౌండ్?"

"బడిది బిడ్డా. వడ్ల మీద చెప్పులేస్కోని తొక్కకు. నువ్వెవలు?"

"ఇక్కడ అమ్మాయిలు ఆడతారని తెలుసా నీకు?"

"ఎర్కనే. నా మనుమరాలు గూడ ఆడతది."

"మనవరాలు ఆడే చోట వడ్లు పోస్తావా? గోల్‌పోస్టుకి చీర కడతావా? దేశం మొత్తం అమ్మాయిలు గెలిచారని గర్వపడుతుంటే, మీరు గ్రౌండ్ కూడా లాక్కుంటారా?"

ఆయన అన్నం చేత్తోనే నా వైపు చూశాడు. "నాలుగ్గొట్టంగనే ఎత్తుతం బిడ్డా. జర కూసో. ఎండల వచ్చినవ్, చల్ల తాగు."

నేను కూర్చోలేదు. చల్ల తాగలేదు. ఇంకా చాలా అన్నాను. సిగ్గు అనే మాట కూడా వాడాను. ఆయన గొంతు పెంచలేదు. నా గొంతు విని బడి కిటికీల్లోంచి పిల్లలు తొంగిచూశారు, వాళ్లలో రజిత ఉందో లేదో నాకు తెలియదు. బయటికొచ్చి యాకూబ్ సార్‌కి మెసేజ్ పెట్టాను: "మీకు గ్రౌండే లేదు. నాకు అబద్ధం చెప్పారు." వచ్చిన ఆటోనే ఎక్కాను.

నెక్కొండ స్టేషన్ దగ్గర మిరపకాయ బజ్జీ తిన్నాను. ఉల్లిపాయ ముక్కలు దూర్చి, నిమ్మకాయ పిండి, పేపర్లో నాలుగు, ఇరవై రూపాయలు. బాగుంది, అది కూడా కోపంగానే తిన్నాను. సిగ్నల్ బాగుంది. బెంచీ మీద కూర్చుని ఎడిట్ చేశాను. వీడియో నిమిషం దాటుతోంది. నిమిషం దాటితే జనం చూడరు. నలభై సెకన్లకి తేవాలి. ఆయన అన్న "నాలుగ్గొట్టంగనే ఎత్తుతం" అనే మాట నాలుగు సెకన్లు. చల్ల తాగమన్నది మూడు సెకన్లు. రెండూ కోసేశాను. ఊరి పేరు పెద్ద అక్షరాల్లో పెట్టి, తెలిసిన అధికారుల పేజీలన్నీ ట్యాగ్ చేశాను.

నా బండి వరంగల్ వైపు కదిలాక, ఎదురుగా ఒక ప్యాసింజర్ దాటిపోయింది. ఆరు బంతుల సంచితో సార్ అందులోనే ఉండి ఉంటాడు.

ఖిలా వరంగల్

మూడోరోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇది రాయడానికి ఇబ్బందిగా ఉంది, కానీ నిజం. లేచేసరికి వీడియోని లక్షకి పైగా చూశారు. పెద్ద పెద్ద పేజీలు తీసుకున్నాయి. ఎవరో మంచి సంగీతం కలిపారు. నా పేరు తెలియనివాళ్లు నన్ను అక్కా అంటున్నారు.

ఆ ఊపులో కోట చూడటానికి వెళ్లాను. రాతి తోరణాలు ఫొటోల్లో చూసిందే, అయినా దగ్గరికి వెళితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. నాకు వింతగా అనిపించింది వేరే. కోట గోడల లోపల ఊరు ఉంది. ఇళ్లు, పొలాలు, బర్రెలు, బడికి పోయే పిల్లలు. మా గోల్కొండలో టికెట్టు కొని లోపలికి వెళ్తాం, సాయంత్రం బయటికి పంపేస్తారు. ఇక్కడ రాతి ఏనుగుల పక్కనుంచి ట్రాక్టర్లు మలుపు తిరుగుతున్నాయి.

ఒకావిడ గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. కిలో ఎంతంటే "కిలో లేదు, కుప్ప" అంది. కుప్ప అరవై. ఒకటి విప్పి నోట్లో వేసుకుంటూనే ఫోన్ చూస్తున్నాను.

"తోరణం చూడనీకె వచ్చినవా, ఫోన్ చూడనీకె వచ్చినవా బిడ్డా?"

"రెండూ అమ్మా."

"గింజ మింగుతవు జర చూస్కో."

మింగాను. ఆవిడ నవ్వి ఇంకో పండు చేతిలో పెట్టింది. ఆవిడకి నా వీడియో చూపించాను, మెచ్చుకుంటుందనుకుని. కళ్లు చిన్నవి చేసుకుని చూసింది.

"గీ ముసలాయన తింటాండు గద. తినేటోన్ని గట్ల అంటరా?"

మీకు అర్థం కాలేదులే అన్నాను. అప్పుడే యాకూబ్ సార్ ఫోన్ వచ్చింది. పొద్దునుంచి నాలుగుసార్లు చేశాడు, నేను కామెంట్లు చదువుతూ ఎత్తలేదు.

"బేటా, ఏం పెట్టినవ్ నువ్వు?"

"ఉన్నదే పెట్టాను సార్."

"ఉన్నది కాదు బేటా." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పొద్దుగాల జీపుల వచ్చిర్రు. వడ్లన్నీ తీయించిర్రు. గేటుకు తాళమేసి పోయిర్రు. పిల్లలు బయట నిలవడ్డరు."

వడ్లు తీశారు కదా, మంచిదే కదా, ఇక ఆడుకోవచ్చు కదా అన్నాను.

"నువ్వు నాలుగింటిదాక ఉండకపోతివి బేటా" అన్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు.

ఆ ఊళ్లో వడ్లు ఎండబోసుకోవడానికి వేరే చోటు లేదు. తడి ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. నాలుగేళ్ల కింద పిల్లలు ఆట మొదలుపెట్టినప్పుడు రైతులు కొట్లాటకి వచ్చారు. మధ్యలో పడి మాట కుదిర్చింది మల్లయ్య, అంటే గోలు లోపల అన్నం తిన్న తాత. నాలుగింటి వరకు వడ్లవి, నాలుగు దాటాక పిల్లలవి. మధ్యాహ్నం బెల్లు కొట్టినప్పుడు పిల్లలే వచ్చి ఉత్తకాళ్లతో వడ్లు తిప్పుతారు. నాలుగింటికి అంతా కలిసి కుప్పలు చేసి, గీతల వెంట వరసగా పెట్టి పరదాలు కప్పుతారు. బంతి బయటికి పోకుండా ఆ కుప్పలే ఆపుతాయి. కోతలయ్యాక రైతులు ట్రాక్టర్‌తో గ్రౌండు చదును చేసి నీళ్లు కొడతారు. ఆ గోల్‌పోస్టులు కూడా వాళ్లు పాతినవే. పైసా మాట లేదు. కాయితం లేదు.

"ఎడమకాలు ఒక సాలు, కుడికాలు ఒక సాలు తియ్యాలె వడ్లల్ల. నేను నేర్పే ముందుగాలనే వాళ్లకు రెండు కాళ్లు వచ్చినయి. గదే తమాషా చూపిద్దామనుకున్న నీకు."

మళ్లీ ఆ ఊరికి

నాలుగోరోజు పొద్దున్నే వెళ్లాను. ముందు ఆఫీసుకి. ఏ ఆఫీసో రాయను. అక్కడి సారు నన్ను చూడగానే గుర్తుపట్టి కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. తాళం తీయమని అర్జీ రాసి ఇచ్చాను. ఆయన తన ఫోన్ తీసి నా వీడియోనే నాకు చూపించాడు.

"మేడం, పైనుంచి వచ్చింది ఇది. గ్రౌండును కాపాడాలన్నరు మీరు. కాపాడినం."

"అమ్మాయిలు ఆడాలని కదా నేను అడిగింది."

"తాళం తీస్తే వడ్లు పోస్తరు. వడ్లు పోస్తే ఇంకెవలో వచ్చి ఇంకో వీడియో తీస్తరు. ఇప్పుడు తాళం తీయమని సంతకం పెట్టేదెవలు చెప్పండి. మీరు పెడతరా?"

పెడతానన్నాను. నా సంతకం చెల్లదని మర్యాదగా చెప్పాడు. నేను అక్కడ కూడా అరిచాను. చాయ్ కప్పు కూడా ఒలికింది. ఆయన అర్జీ తుడిచి, ఆరబెట్టి, ఫైల్లో పెట్టాడు.

ఊరి బయట రోడ్డు మీద వడ్లు ఉన్నాయి. ఒక పక్క మొత్తం వడ్లు, అంచున రాళ్లు పెట్టారు, రెండో పక్కనుంచి లారీలు పోతున్నాయి. మల్లయ్య తాత ఒక చివర ఎర్రచీర కర్రకి కట్టి బండ్లకి చూపిస్తూ నిలబడ్డాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. రైల్లో తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి. తప్పయింది తాతా అన్నాను.

"నా మీద పెట్టినవ్, పెట్టినవ్. ఊళ్లె నలుగురు నవ్విర్రు, పోనీ." లారీకి చీర ఊపి, అది పోయాక చెప్పాడు. "పిల్లల మీద పడ్డది గద బిడ్డా. రైతులు కోపం మీదున్నరు. పిల్లల ఆటతోనే మా జాగ పోయిందంటాన్రు. ఇద్దరు అమ్మాయిలను వాళ్ల నాయినలు ఇగ పోవద్దన్నరు. నా మాట ఇప్పుడు ఎవలింటరు?"

వీడియో అప్పటికే తీసేశాను. తీసేసినా ఇంకో పాతిక చోట్ల తిరుగుతోంది. కోసేసిన ఆ ఏడు సెకన్లు మాత్రం నా ఫోన్లోనే ఉన్నాయి.

మధ్యాహ్నం బడి బెల్లు కొట్టాక పిల్లలు వచ్చారు. చెప్పులు రాళ్ల పక్కన వరసగా విడిచి వడ్లలోకి దిగారు. పాదం ఎత్తకుండా, మడమ ఆనించి, ముందుకి తోసుకుంటూ నడక. వాళ్ల వెనక రెండేసి గీతలు తిన్నగా పోతున్నాయి. సన్నగా, జడ పైకి ముడేసుకున్న పిల్ల అందరికన్నా వేగంగా పోయి, చివర ఎడమకాలి మీద గిరుక్కున తిరిగింది. అడగకుండానే తెలిసింది, రజిత అని.

"మస్తు లైకులొచ్చినయట గదక్కా" అంది నన్ను చూసి.

ఇంకో వీడియో చేస్తాను, నేను చేసింది తప్పని అందరికీ చెబుతాను అన్నాను. ఫోన్ అప్పటికే చేతిలో ఉంది.

"వద్దక్కా. అది చూసి ఇంకొకలు వస్తరు. లోపల పెట్టు." కాళ్లకింద వడ్లు చూపించింది. "వచ్చినవు గద, గీ సైడు నువ్వు తిప్పు. బెల్లయితే మేం పోవాలె."

బూట్లు విప్పి దిగాను. వడ్ల ముక్కులు గుచ్చుకుంటాయని నాకు తెలియదు. పది అడుగులు వేసేసరికి పాదాల పక్కలు మండిపోయాయి. నా గీతలు వంకరగా ఒకదానిలోకి ఒకటి దూరిపోయాయి. పిల్లలు నోళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. "అక్కకు ఎడమకాలు లేదే" అని ఒకతి అంటే అందరూ నవ్వారు. రజిత నా వెనకే వచ్చి నా సాళ్లన్నీ మళ్లీ సరిగ్గా తీసింది.

సెలక్షన్లకి ఎక్కడ ప్రాక్టీసు చేస్తావని అడిగాను. రోడ్డు వైపు చూసింది. "ఏడ చేస్తం. ఇంటెనుక గోడకు కొడుతున్న. గోడ అయితే గోలు కాదు గదక్కా."

బెల్లు కొట్టింది. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తారు. తాత రాయి మీద కూర్చుని మూట విప్పి సర్వపిండి ముక్క తుంచి ఇచ్చాడు. ఈసారి తీసుకున్నాను. కారంగా, నువ్వులతో, అంచు మాడి కరకరలాడుతూ ఉంది. లారీ వచ్చినప్పుడల్లా లేచి నిలబడి చీర ఊపి, మళ్లీ కూర్చుని తిన్నాడు. గోల్‌పోస్టు కింద నీడలో తింటే అలా లేవాల్సిన పని ఉండేది కాదు.

ఇంటికి వచ్చాక

ఇంటికొచ్చాక ఆఫీసులకి ఫోన్లు చేశాను, ఉత్తరాలు రాశాను. యాకూబ్ సార్ రెండుసార్లు పోయి కూర్చుని వచ్చాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. సార్ ఇప్పటికీ మధ్యాహ్నం బండికి వెళ్తున్నాడు. రోడ్డు పక్క పిల్లలతో పరుగులు పెట్టిస్తాడట. బంతులు సంచిలోంచి తీయడు, లారీల భయం.

సెలక్షన్లకి ఐదుగురికి బదులు ముగ్గురు వచ్చారు. నేను వెళ్లాను, కానీ తల్లిదండ్రులనే లోపలికి రానిచ్చారు. సాయంత్రం గేటు దగ్గర నిలబడితే రజిత బయటికొచ్చి పేరు రాలేదక్కా అంది. బంతి ఆపడం, ఇవ్వడం బాగానే చేసిందట. దూరంనుంచి గోలుకి కొట్టమన్నప్పుడు నాలుగు కొడితే నాలుగూ పైనుంచి పోయాయి. పది రోజులు గోలు చూడలేదు కదా అని సార్ గొణిగాడు. నన్ను అన్నది కాదు. నేనే పక్కన ఉన్నాను.

ఫుట్‌బాల్ మీద రాయడానికని నాలుగు రోజులు తిరిగొచ్చాను. ఆ పిల్లలు బంతిని తన్నడం ఒక్కసారి కూడా చూడలేదు.

మొన్న రజిత వాళ్ల నాన్న ఫోన్నుంచి ఒక ఫొటో పంపింది. గేటు ఊచల మధ్యనుంచి తీసింది. ఈ మధ్య తుపాను వానలు పడ్డాయి. వడ్లు లేవు, పాదాలు లేవు, ఆ చివర నుంచి ఈ చివరి వరకు పచ్చగా ఉంది. కింద రాసింది: "గడ్డి మంచిగ మొలిచిందక్కా. మనోళ్లు గెలిచిన గ్రౌండ్ లెక్కనే ఉన్నది."